‘చెప్పావంటే చంపేస్తా మావా’: స్పాయిలర్లు యానిమే మజాని నిజంగానే చెడగొడతాయా?

విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే ప్యాసింజర్లో పొద్దున పూట కాలేజీ పిల్లలే ఎక్కువ. మొన్న కృష్ణా కెనాల్ దాటాక నా ఎదురు సీట్లో ఇద్దరు కుర్రాళ్లు ఒక యానిమే సిరీస్ గురించి గొడవ పడుతున్నారు. ఒకడు రెండు చెవులూ మూసుకుని “చెప్పావంటే చంపేస్తా మావా” అంటున్నాడు. రెండోవాడు నవ్వు ఆపుకుంటూ “నేనేం చెప్పట్లేదురా. ఆ ఓపెనింగ్ సాంగ్‌లో వెనకాల నిలబడ్డవాణ్ని కాస్త చూసుకో అంటున్నా, అంతే” అన్నాడు. మొదటివాడి మొహం వాడిపోయింది. “ఇంకేం మిగిల్చావు?” అని ఫోను జేబులో పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు. మంగళగిరి వచ్చేదాకా మాటల్లేవు.

ఎవరు చస్తారో చెప్పలేదు, ఎవరు గెలుస్తారో చెప్పలేదు. అయినా కుర్రాడికి ఏదో పోయింది. ఆ పోయిందేమిటో పట్టుకుందామనే ఈ వ్యాసం.

ఈ గొడవ ఇప్పుడు ఇళ్లలోకీ వచ్చింది. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్’ అనే జపాన్ యానిమేషన్ సినిమా 2025 సెప్టెంబరు 12న తెలుగు డబ్బింగుతో సహా మన దేశంలో విడుదలైంది. అది మూడు భాగాల్లో మొదటిది. మిగతా రెండింటిలో ఏం జరుగుతుందన్నది రహస్యమేమీ కాదు, దాని మూలకథ 2020 మేలోనే పూర్తయిపోయింది. అంటే ఒకే సినిమాకి వచ్చినవాళ్లలో సగం మందికి ముగింపు ఏళ్ల కిందటే తెలుసు, మిగతా సగం చెవులు మూసుకుని తిరుగుతున్నారు.

## ముందు మాటల సంగతి

స్పాయిలర్ అంటే, కథ చూసేవాడు తనంతట తాను తెలుసుకోవాల్సిన విషయాన్ని ఇంకొకరు ముందే చెప్పేయడం. ఈ అర్థంలో ఆ మాట వాడుకలోకి రావడానికి 1971లో అమెరికన్ హాస్యపత్రిక ‘నేషనల్ లాంపూన్’లో డగ్ కెన్నీ రాసిన ఒక వెటకారపు వ్యాసం కారణమంటారు. పేరుపడ్డ సినిమాల, నవలల ముగింపులన్నీ అందులో వరసగా చెప్పేశాడు, మీ టైమూ డబ్బూ ఆదా చేస్తున్నానంటూ. తెలుగులో దీనికి సొంత మాట పుట్టలేదు. ‘గుట్టు విప్పేశాడు’, ‘కథ చెప్పేశాడు’ అంటాం కానీ వాటిలో ఆ కోపం పలకదు. మనకి ఆ మాట ఎందుకు అవసరపడలేదో కాసేపట్లో వస్తుంది.

యానిమే అంటే జపాన్ యానిమేషన్. దాని వెనక చాలాసార్లు ఒక మాంగా ఉంటుంది. అంటే వారం వారమో నెల నెలా పత్రికలో వచ్చే బొమ్మల కథ. మాంగా ముందు నడుస్తుంది, యానిమే ఏళ్ల తరబడి వెనక నడుస్తుంది. అందుకే అభిమానుల్లో రెండు వర్గాలు: అంతా చదివేసిన ‘మాంగా రీడర్లు’, తెరమీద వచ్చేదాకా ఆగే ‘యానిమే ఓన్లీ’లు. వీళ్లిద్దరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

వీటికి తోడు లీకులు. జపాన్లో ఎక్కువమంది చదివే ‘షోనెన్ జంప్’ వారపత్రిక అక్కడ సోమవారం వస్తుంది. అక్కడ అర్ధరాత్రి పన్నెండైతే మనకి ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర. అధికారికంగా ఆన్‌లైన్లో కొత్త అధ్యాయం అప్పుడే తెరుచుకుంటుంది. కానీ అంతకు రెండు మూడు రోజుల ముందే ఫొటోలు బయటికొచ్చేస్తాయి. ఆదివారం రాత్రి దాకా ఆగిన నిజాయితీపరుడికి శుక్రవారం నాడే రీల్స్‌లో కథ ఎదురవుతుంది. చట్టబద్ధంగా చదివేవాడే ముందు దెబ్బతినడం ఇందులోని విచిత్రం.

## కథ తెలిసే చూసిన జనం మనం

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్యనాటకాలు తెల్లవార్లూ ఆడిన రోజుల్లో రాయబారం ఫలిస్తుందా లేదా అన్న టెన్షన్‌తో ఎవరూ కూర్చోలేదు. కృష్ణుడు సంధి కుదర్చలేడని గోనెపట్టా మీద నిద్రపోతున్న పిల్లాడికి కూడా తెలుసు. అయినా పద్యం అయ్యాక వన్స్ మోర్ కొట్టేవాళ్లు. కథలో ముందుకి పోదామన్న తొందర లేదు సరికదా, ఉన్నచోటే ఇంకోసారి ఉందామన్న కోరిక.

2025 జులై 25న వచ్చిన ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ సినిమా దగ్గర కూడా ఇదే జరిగింది. హిరణ్యకశిపుడు ఎలా పోతాడో మంగళగిరి వాళ్లకి ఒకరు చెప్పాలా? పానకం పోసే స్వామి కథ అది, కొండెక్కినవాళ్లందరికీ తెలుసు. ఎవరి చేతిలో, ఏ వేళ, ఎక్కడ, దేనితో అన్న ప్రశ్నలకి సమాధానాలు హిరణ్యకశిపుడి వరంలోనే దాగి ఉన్నాయి. అయినా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లారు, స్తంభం పగిలే ఘట్టానికి లేచి దండం పెట్టారు.

కాబట్టి ‘ముగింపు తెలిస్తే మజా ఉండదు’ అనే మాట మన దగ్గర నిలబడదు, కనీసం ఇంత సూటిగా నిలబడదు. అలాగని ప్యాసింజర్లో కుర్రాడి బాధ ఉత్తిదా? అదీ కాదు. పురాణంలో ముగింపు అందరిదీ, ఎవరూ దాన్ని ఎవరి దగ్గర్నుంచీ లాక్కోలేరు. వాడు చూస్తున్న సిరీస్‌లో ముగింపు ఇంకా వాడి చేతికి రాలేదు.

మన అలంకారశాస్త్రంలో దీనికి పనికొచ్చే ఒక విభజన ఉంది. విస్మయం స్థాయీభావం, అంటే మనసులో నిలిచి ఉండే భావం, అది అద్భుతరసానికి మూలం. ఔత్సుక్యం, శంక లాంటివి మాత్రం వచ్చిపోయే ముప్పైమూడు సంచారీ భావాల్లో ఉంటాయి. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం రసం కాదు, రసం దాకా తీసుకెళ్లే బండి. స్పాయిలర్ దెబ్బ కొట్టేది ఎక్కువగా ఆ బండికి, కొంతవరకు అద్భుతానికి. కరుణకీ వీరానికీ పెద్దగా నష్టం చెయ్యదు. ఇది నా సొంత లెక్క, శాస్త్రకారులు యానిమే చూసి రాసింది కాదు.

## ఆశ్చర్యం వేరు, ఉత్కంఠ వేరు

ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం వాదనలు తెగవు. తేడా చెప్పడానికి సినిమా దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఇచ్చిన ఉదాహరణ చాలామందికి తెలుసు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటున్నారు, ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఆశ్చర్యం. అదే బాంబు అక్కడుందని ముందే చూపించి వాళ్లని మాట్లాడనిస్తే, పదిహేను నిమిషాల ఉత్కంఠ. రెండో దాంట్లో ప్రేక్షకుడికి ఎక్కువ తెలుసు, అందుకే ఎక్కువ భయపడతాడు.

1957 నాటి ‘మాయాబజార్’ పెళ్లి సీను చూడండి. పీటల మీద ఉన్నది శశిరేఖ కాదు, ఘటోత్కచుడని హాలంతా తెలుసు, లక్ష్మణకుమారుడికి తప్ప. పెళ్లికూతురు కాలు తొక్కుతుంటే అతని మొహం మారుతుంది, మనం నవ్వి చస్తాం. ఆ రహస్యాన్ని మననుంచి కూడా దాచి చివర్లో బయటపెడితే ఒక్క క్షణం ‘అబ్బో’ అనుకుంటాం, అంతే. ఆ నవ్వంతా మనకి ముందే తెలియడంలోంచి పుట్టింది.

‘డెత్ నోట్’ 2006లో మొదలైన 37 ఎపిసోడ్ల యానిమే. అందులో హంతకుడెవరో మొదటి ఎపిసోడ్‌లోనే చూపించేస్తారు. డిటెక్టివ్ కథల్లో చివరి పేజీలో ఉండాల్సిన విషయం మొదటి పేజీలో ఉంది. ఇంక మిగిలింది ఒకే ప్రశ్న: దొరుకుతాడా, దొరికితే ఎలా? కనక ‘హంతకుడు ఫలానా’ అని ఎవరైనా చెప్పినా అది స్పాయిలర్ కాదు. అదే సిరీస్ మధ్యలో జరిగే ఒక సంగతి చెబితే మాత్రం పెద్ద దెబ్బ. దాన్ని నేనిక్కడ రాయను.

అన్నట్టు, ప్రేక్షకుడికి ముందే చెప్పు అన్న ఆ హిచ్‌కాకే 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు సినిమా మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్ల వాళ్లతో పట్టుబట్టాడు. మాట మార్చాడని కాదు. ఏ కథకి ఏది ముఖ్యమో ఆయనకి తెలుసు.

## పరిశోధనలు ఏం చెప్పాయి, వేటిని కొలిచాయి

‘స్పాయిలర్ల వల్ల మజా పెరుగుతుందట, సైన్స్ చెప్పింది’ అనే మాట అప్పుడప్పుడూ చక్కర్లు కొడుతుంటుంది. దాని మూలం 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియేగోలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ చేసిన ప్రయోగం. పన్నెండు చిన్న కథలు తీసుకున్నారు: కొన్ని మలుపు కథలు, కొన్ని మిస్టరీలు, కొన్ని సాహిత్య కథలు. 800 మందికి పైగా విద్యార్థులు చదివారు. కథకి ముందు గుట్టు విప్పే పేరా ఒకటి పెట్టి ఇస్తే, సగటున కథ నచ్చడం కాస్త పెరిగింది. మిస్టరీల్లో కూడా.

కారణంగా వాళ్లు చెప్పింది సులువు. దారి తెలిస్తే చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది. కథ మనసులో ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది, రచయిత పనితనం కనబడుతుంది.

2015లో బెంజమిన్ జాన్సన్, జూడిత్ రోజెన్‌బామ్ చేసిన ప్రయోగం దీన్ని తిరగేసింది. స్పాయిల్ కాని కథలే ఎక్కువ సరదాగా, ఎక్కువ ఉత్కంఠగా, ఎక్కువ కదిలించేలా ఉన్నాయని చదివినవాళ్లు చెప్పారు. ఆ ఇద్దరే 2016లో ఇంకో సంగతి గమనించారు: ఈ తేడా మనిషిని బట్టి కూడా ఉంటుంది. భావోద్వేగం కోసం కథ దగ్గరికి వచ్చేవాళ్లు స్పాయిల్ కాని కథని ఎక్కువ ఆస్వాదించారు. బుర్రకి పని పెట్టడం పెద్దగా ఇష్టపడనివాళ్లు స్పాయిల్ అయిన కథల వైపు మొగ్గారు.

ఎవరిది కరెక్టు అని అడిగే ముందు, ఇద్దరూ కొలిచింది ఏమిటో చూడాలి. చిన్న కథలు. ఒక కుర్చీలో కూర్చుని, పావుగంటో అరగంటో చదివేసి, మార్కులు వేసి లేచి వెళ్లేవి. వాటిలో పాత్రతో ఆరేళ్ల పరిచయం ఉండదు. వచ్చే శనివారం దాకా ఆగడం ఉండదు. క్లాసులో పక్కవాడితో పందెం కాయడం అసలుండదు. సిరీస్ చూసేవాడి బాధని ఆ అంకెలతో కొట్టిపారేయడం, నెత్తిన పడిన చినుకుని కొలిచి కృష్ణకి వరద రాదని చెప్పడం లాంటిది.

మూడో రకం పరిశోధన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1989లో రిచర్డ్ గెరిగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఫలితం తెలిసినా ఉత్కంఠ ఎందుకు పుడుతుందని అడిగాడు. జార్జ్ వాషింగ్టన్ అమెరికా మొదటి అధ్యక్షుడన్నది అక్కడ బడిపిల్లలకీ తెలుసు. ఆయన ఆ పదవి వద్దంటాడేమో అనిపించే చిన్న కథ చదివించి, వెంటనే ‘ఆయన అధ్యక్షుడయ్యాడు, నిజమా కాదా’ అని అడిగితే జవాబు చెప్పడానికి జనం మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు తీసుకున్నారు. తెలిసిన విషయాన్ని కూడా కథ ఒక్క క్షణం కదిలించగలదన్నమాట. పద్మవ్యూహంలోకి వెళ్తున్న అభిమన్యుణ్ని చూసి, ఈసారైనా బయటికొస్తాడేమో అని మన మనసు ఆశపడేది ఆ ఒక్క క్షణంలోనే.

## ఒకే సిరీస్, నాలుగు స్పాయిలర్లు

నిజమైన సిరీస్‌తో వివరిస్తే ఎవరికో ఒకరికి నేనే గుట్టు విప్పినవాణ్నవుతాను. అందుకే లేని సిరీస్‌ని ఒకదాన్ని ఊహిద్దాం.

24 ఎపిసోడ్లు. కథ ప్రకాశం బ్యారేజీ దగ్గర. 70 గేట్లలో రోజూ రాత్రి ఒక గేటు దానంతట అదే లేస్తోంది. తాడేపల్లిలో ఉండే పదో తరగతి అమ్మాయి, బ్యారేజీ మీద పనిచేసే ముసలి లస్కరు కలిసి ఎవరు ఎత్తుతున్నారో కనిపెట్టాలని తిరుగుతుంటారు. లస్కరు రోజూ ఆ పిల్లకి ఫ్లాస్కులో టీ తెస్తాడు. ఇరవయ్యో ఎపిసోడ్‌లో తెలుస్తుంది, గేట్లు ఎత్తేది ఆయనేనని. ఇరవైమూడులో చనిపోతాడు. చివరి ఎపిసోడ్‌లో ఎందుకు ఎత్తాడో తెలుస్తుంది: ఏటా ఆ రోజుల్లో కిందికి పోవాల్సిన ఒక పెద్ద ప్రాణి ఎగువన చిక్కుకుపోతోంది, దానికి దారి ఇస్తున్నాడు.

ఇప్పుడు మూడో ఎపిసోడ్ చూస్తున్నవాడికి నాలుగు రకాలుగా చెప్పొచ్చు.

“లస్కరు చచ్చిపోతాడు.” ఇది క్రూరంగా వినిపిస్తుంది, కానీ కథకి జరిగే నష్టం తక్కువ. ఇక నుంచి టీ పోసే ప్రతి సీనూ బరువెక్కుతుంది. ‘రేపు అల్లం వేసి తెస్తా’ అని ఆయన అంటే చూసేవాడికి గొంతు పట్టేస్తుంది. ఆశ్చర్యం పోయింది, కరుణ ముందే మొదలైంది. కొందరు దీన్నే ఇష్టపడతారు.

“గేట్లు ఎత్తేది లస్కరే.” ఇది అసలైన దెబ్బ. పదిహేడు ఎపిసోడ్ల పాటు ఆ పిల్లతో పాటు తిరగాల్సినవాడు, ఇప్పుడు ఆ పిల్లకన్నా ముందు నడుస్తున్నాడు. ఇంజనీరు మీద అనుమానం, ఇసుక లారీల మీద అనుమానం, అన్నీ తేలిపోయాయి. దానికి బదులు చేతికొచ్చింది వేరే ఆట: ముసలాయన చెప్పులు పొద్దున్నే తడిగా ఎందుకున్నాయో అతనికి మాత్రమే తెలుసు. ఇది రెండోసారి చూసేవాడికి దొరకాల్సిన ఆనందం. దాన్ని మొదటిసారే ఇచ్చేశారు.

“ఏదో జంతువుకి దారి ఇవ్వడానికట.” ఇది విచిత్రంగా ఉత్తి మాట. ఎవరు, ఎప్పుడు, దేనికోసం ప్రాణం పెట్టారో తెలియకుండా కారణం ఒక్కటే తెలిస్తే దానికి బరువుండదు. వారంలో మరిచిపోతాడు. కానీ పంతొమ్మిదో ఎపిసోడ్‌లో ఉన్నవాడికి ఇదే మాట చెబితే కథంతా కూలిపోతుంది. అంటే స్పాయిలర్ బరువు మాటలో లేదు, వినేవాడు ఎక్కడున్నాడన్నదాంట్లో ఉంది.

“నేనేం చెప్పను కానీ ఇరవయ్యో ఎపిసోడ్ చూశాక ఫోన్ చెయ్.” ప్యాసింజర్లో జరిగింది ఇదే. సమాచారం సున్నా. కానీ ఇక ప్రతి పాత్రనీ అనుమానంగా చూడటం మొదలవుతుంది, ఎపిసోడ్లు లెక్కపెట్టడం మొదలవుతుంది. మలుపు ఉందని తెలిసినవాడు మలుపు కోసమే కాచుక్కూర్చుంటాడు. నా ఉద్దేశంలో నాలుగింటిలో ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే, చెప్పినవాడు ‘నేనేం చెప్పలేదు కదా’ అని తప్పించుకోవడానికి వీలుంటుంది కాబట్టి.

## కట్టప్ప నేర్పిన పాఠం

‘ఏం జరిగింది’ అన్నది స్పాయిలరే కాకుండా చేసి చూపించింది బాహుబలి. 2015 జులై 10న మొదటి భాగం చివర్లో కట్టప్ప బాహుబలిని చంపడం చూపించేశారు. 2017 ఏప్రిల్ 28 దాకా దాచింది ‘ఎందుకు’ అన్నది ఒక్కటే. దాదాపు ఇరవైరెండు నెలలు ఆ ప్రశ్న టీకొట్ల దగ్గర, పెళ్లిళ్లలో నడిచింది.

నాకు రెండో భాగానికి శనివారం సాయంత్రం టికెట్ ఉంది. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో, బెనిఫిట్ షో చూసొచ్చిన సహోద్యోగి పెరుగన్నం కలుపుకుంటూ ఒక్క వాక్యంలో కారణం చెప్పేశాడు. కోపం వచ్చింది. అయినా హాల్లో ఆ సీను వచ్చేసరికి బాహుబలి మొహం చూడటం మానేసి కట్టప్ప చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. అది మంచి అనుభవమే. కాకపోతే పక్క సీటాయన ఉలిక్కిపడి నా మోచేయి పట్టుకున్నప్పుడు, ఆ ఉలికిపాటు నాకు రాలేదు. దేన్నైతే పోగొట్టుకున్నానో అది కళ్లెదురుగా, పక్క సీట్లోనే కనబడింది.

అదే ప్రపంచంలో 2024 మేలో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ అనే యానిమేషన్ సిరీస్ వచ్చింది. సినిమాలకి ముందు జరిగిన కథ. బాహుబలి, భల్లాలదేవుడు, కట్టప్ప ముగ్గురూ దీంట్లో చావరని చూసేవాళ్లందరికీ తెలుసు. ఇలాంటి పూర్వకథలకి ఆ ఇబ్బంది పుట్టుకతోనే ఉంటుంది, అందుకే వాటి దృష్టి ప్రాణాల మీదికన్నా సంబంధాల మీదికి పోతుంది.

## యానిమేషన్లో చెప్పలేనిది ఎంత?

మాంగా నలుపు తెలుపు బొమ్మ. కదలదు, మాట్లాడదు. అదే ఘట్టం యానిమేలో రంగుతో, గొంతుతో, సంగీతంతో వస్తుంది. 2019 ఆగస్టులో వచ్చిన ‘డీమన్ స్లేయర్’ పంతొమ్మిదో ఎపిసోడ్ మంచి ఉదాహరణ. ఆ పోరాటం ఎలా ముగుస్తుందో మాంగా చదివినవాళ్లకి తెలుసు. అయినా యుఫోటేబుల్ స్టూడియో దాన్ని కదిలించిన తీరుకి వాళ్లే ముందు నోరెళ్లబెట్టారు. ‘ఫలానావాడు గెలుస్తాడు’ అన్న వాక్యంలో ఆ మంట ఎలా తిరిగిందో ఉండదు, వెనక పాట ఎక్కడ అందుకుందో ఉండదు. చెప్పడానికి వీల్లేని భాగం ఎంత ఎక్కువుంటే స్పాయిలర్ అంత బలహీనం.

డోరేమాన్ చూసే పిల్లల్ని గమనిస్తే ఇంకో చివర కనబడుతుంది. నోబిత కొత్త గాడ్జెట్ అడుగుతాడు, దుర్వినియోగం చేస్తాడు, చివరికి ఏడుస్తాడు. ప్రతిసారీ అంతే. మా పక్కింటి ఆరేళ్ల పిల్ల అదే ఎపిసోడ్ నాలుగోసారి చూస్తూ “ఇప్పుడు పడతాడు చూడు, ఇప్పుడు పడతాడు” అని మనకి ముందే చెప్పి, పడ్డాక మనకన్నా ఎక్కువ నవ్వుతుంది. ఆ పిల్లకి స్పాయిలర్ ఇవ్వడమే ఆట.

ఎటూ తేలనిది ‘అటాక్ ఆన్ టైటన్’ లాంటి కథల దగ్గర. హజిమె ఇసయామా మాంగా 2009లో మొదలై 2021 ఏప్రిల్లో ముగిసింది. యానిమే 2013 ఏప్రిల్లో మొదలై 2023 నవంబరుకి గానీ ముగియలేదు. రెండు ముగింపుల మధ్య రెండున్నరేళ్ల ఎడం. కథ మొదట్లోనే ఒక ఇంటి నేలమాళిగ గురించి చెబుతారు, అందులో ఏముందో యానిమే చూసేవాళ్లకి తెలిసింది 2019లో. అది ఒక పాత్ర గుట్టు కాదు. ఆ తలుపు తెరుచుకున్నాక అప్పటిదాకా చూసిన కథే వేరే కథగా మారిపోతుంది. ఆరేళ్లుగా ఊహలు కట్టినవాడికి అది ఒక్క థంబ్‌నెయిల్‌లో తెలిసిపోతే, ఎంత బాగా గీసినా ఆ లోటు పూడదు. బొమ్మ కదిలే అందం మిగులుతుంది, ప్రపంచం తలకిందులయ్యే క్షణం మాత్రం మిగలదు.

ఇక్కడ నష్టం అన్నిటికన్నా ఎక్కువగా ఎదురుచూపుకే. వారం మధ్యలో ఊహించడం, తప్పు ఊహించడం, ఆ తప్పు మీద స్నేహితుడితో బిర్యానీ పందెం కాయడం, ఇవన్నీ సిరీస్ బయట జరిగేవే అయినా సిరీస్‌లో భాగమే. అన్ని ఎపిసోడ్లూ ఒక్క రాత్రి కూర్చుని చూసేవాడికి ఈ వాదన సగమే వర్తిస్తుంది.

## చెప్పడం నేరమా?

2024లో జపాన్ నుంచి వచ్చిన రెండు వార్తలతో ఈ గందరగోళం పెరిగింది. ఫిబ్రవరిలో, పత్రిక బజారులోకి రాకముందే మాంగా పేజీలు బయటపెట్టారని ఇద్దర్ని అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. అక్టోబరులో, ‘ఓవర్‌లార్డ్’ యానిమే కథనీ, ఒక గాడ్జిల్లా సినిమా కథనీ పూసగుచ్చినట్టు సైట్‌లో రాసి ప్రకటనల డబ్బు సంపాదించారన్న కేసులో అరెస్టుల సంగతి బయటికొచ్చింది. ‘స్పాయిలర్ రాస్తే జైలే’ అని షేర్లు మొదలయ్యాయి.

రెండు కేసుల్లోనూ విషయం కాపీరైటు. మొదటిది పేజీల దొంగతనం లాంటిది. రెండోది సంభాషణలతో, బొమ్మలతో సహా కథ మొత్తాన్ని దించేయడం, అసలుది చూడక్కర్లేకుండా చేసి దాని మీద సంపాదించడం. స్నేహితుడికి ముగింపు చెప్పడం దీంట్లోకి రాదు. దానికి శిక్ష మంగళగిరి దాకా మాట్లాడకపోవడమే.

ఎన్నాళ్లు దాచాలన్నదాని మీద మాత్రం ఒప్పందం లేదు. 2020లో అచ్చయిన ముగింపుని ఇంకా దాచమనడం అన్యాయమని మాంగా రీడర్లు అంటారు, ఆ మాటలో న్యాయముంది. కొన్ని రోజులే అయితే ఎవరైనా నోరు కట్టుకుంటారు, ఐదారేళ్లు కష్టం. అవతలివైపు వాదన కూడా బలమైనదే. తెలియకుండా మొదటిసారి చూడటం ఒక్కసారే కుదురుతుంది, తెలిసి చూడటం ఎన్నిసార్లైనా కుదురుతుంది. చూడనివాడు రేపు తెలిసినవాడు కాగలడు. తెలిసినవాడు మళ్లీ తెలియనివాడు కాలేడు.

గుంటూరు బ్రాడీపేటలో మా అక్క కొడుకులిద్దరిదీ ఇదే కథ. పెద్దాడు ‘డీమన్ స్లేయర్’ మాంగా మొత్తం చదివేశాడు, చిన్నాడు యానిమే ఓన్లీ. ఐదేళ్లుగా పెద్దాడు ఒక్క ముక్క చెప్పలేదు, అమ్మమ్మ మీద ఒట్టు. కానీ పాత ఎపిసోడ్లు మళ్లీ చూస్తున్నప్పుడు కొన్ని పాత్రలు రాగానే చిన్నాడు తెర వైపు చూడటం మానేసి అన్నయ్య మొహం వైపు చూస్తాడు. అది కనిపెట్టి పెద్దాడు ఆ పాత్రలు వచ్చినప్పుడల్లా మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోవడం మొదలెట్టాడు. పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి చిన్నాడు ఒక నోటు పుస్తకంలో, అన్నయ్య ఏ ఎపిసోడ్‌లో ఎవరు వచ్చినప్పుడు నీళ్లకి లేచాడో వరసగా రాసుకుంటున్నాడు.